నీళ్లు ఎక్కువ, మళ్లు తక్కువ

చదవవలసిన భాగాలు: యెషయా 22:8–11, మార్కు 1:35–39, యోహాను 9:1–11

చెరువుకు ఆరు దోషాలుంటాయని 1369లో కడప సీమలో రాయి మీద చెక్కించారు. కట్టలోంచి నీళ్లు ఊరిపోవడం ఒకటి. నేల చవుడు కావడం ఒకటి. ఇద్దరు రాజుల పొలిమేర మీద చెరువు పడడం, నడిమధ్యలో తాబేటి వీపులా మెరక లేచి ఉండడం మరో రెండు. కాసిని నీళ్లు పెట్టుకొని విశాలమైన భూమిని తడపాలని చూడడం అయిదోది. ఇంతవరకూ ఎవరికైనా తట్టేవే. ఆరోది చదివాక మాత్రం ముందుకు పోలేకపోయాను: నీళ్లు పుష్కలంగా ఉండి, వాటి కింద తడవడానికి భూమి కొంచెమే ఉండడం.

వాన కోసం మొగులు చూసి చూసి మెడలు పట్టేసిన సీమ ఇది. ఇక్కడ నీళ్లు ఎక్కువ కావడాన్ని కూడా ఎవరో తప్పుల పట్టికలో రాశారంటే ఊరికే రాసి ఉండరు.

ఆ శాసనం పోరుమామిళ్లలో, శిథిలమైన భైరవుడి గుడి ముందు, రెండు రాతి పలకల మీద ఉంది. భాష సంస్కృతం. వేయించినవాడు భాస్కర భవదూరుడు, విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కొడుకు, ఉదయగిరి నుంచి పాలన చేసినవాడు. మల్దేవి అనే ఏటి నీళ్లను పట్టి ఆయన కట్టించిన చెరువుకు అనంతరాజసాగరం అని పేరు. ఇప్పుడు ఆ పేరుతో అడిగితే దారి చెప్పేవాళ్లు తక్కువ. పోరుమామిళ్ల చెరువు అంటేనే చెయ్యి చూపిస్తారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి కమిషన్ దీన్ని కంభం చెరువుతో, కేసీ కాలువతో పాటు ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చింది. అయినా జనం పోటెత్తిందేమీ లేదు. గండికోటకు పోయే కార్లు ఇటు తిరగవు. బద్వేలు దాటి ఉత్తరంగా, సగిలేరు లోయ వెంట, ఒక పక్క నల్లమల, ఇంకో పక్క వెలికొండలు చూసుకుంటూ పోవాలి. పని ఉన్నవాళ్లే పోయే దారి అది.

చెరువును చూడగానే కట్ట కంటే ముందు కొండలు కనిపిస్తాయి. నాలుగు కొండలు, వాటి మధ్య మూడు సందులు. ఆ సందులను మట్టికట్టలతో పూడ్చి, వాటికి కడప బండలు పరిచారు. మనుషులు చేసింది సందులు పూడ్చడమే. మిగతా గోడంతా అప్పటికే అక్కడుంది. దోషాలు చెప్పిన శాసనమే మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు కూడా చెప్పింది. కొండలను ఆనుకొని ఉండాలి, వాటి నడుమ మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట ఉండాలి, తీపినీళ్లు తెచ్చే ఏరు ఉండాలి, గర్భం లోతుగా, వెడల్పుగా ఉండాలి, నిడుపాటి రాళ్లు దొరికే గని దగ్గరుండాలి, దిగువన పంట పండే చదును నేల ఉండాలి, నీటిశాస్త్రం తెలిసిన పండితుడుండాలి, కట్టే పని చేతనైన మనుషులుండాలి. వీటన్నిటికంటే ముందు రాజుండాలి: ధర్మం తెలిసినవాడు, ధనవంతుడు, సంతోషంగా ఉన్నవాడు, చెరిగిపోని కీర్తిని కోరుకునేవాడు. కీర్తి కోరికను దాచుకోకుండా మొదటి అంగంలోనే రాసేశారు. మన చర్చి గోడల మీద శంకుస్థాపన పలకలు దీనికంటే గడుసుగా ఉంటాయి. పైన దేవుని మహిమార్థమని ఒక వరుస, కింద పదిమంది పేర్లు, డిగ్రీలతో సహా.

కట్ట మీద పొద్దున పూట నడిస్తే చప్పుళ్లు ఒక్కొక్కటే వినిపిస్తాయి. ముందు కంపచెట్లలో పిట్టలు. తర్వాత ఎక్కడో దూరంగా ఎవరో బట్ట ఉతుకుతున్న దెబ్బ, చెయ్యి లేచాక ఒక క్షణం ఆలస్యంగా చెవికి చేరుతుంది. థర్మోకోల్ ముక్కలను సంచిలో కుట్టి చేసుకున్న తెప్ప మీద ఒకతను కాళ్లు ముడుచుకొని కూర్చొని, అరచేతంత చెక్కలతో నీళ్లు తోసుకుంటూ వల దగ్గరికి పోతున్నాడు. నీటికాకి మునిగిన చోట ఒకటి, తేలిన చోట ఇంకొకటి. వంగి చూస్తే బండల మీద గీతలున్నాయి. నీళ్లు దిగిపోతూ ఆగిన ప్రతిచోటా తెల్లటి చార ఒకటి మిగిలింది, నల్లటి రాయి మీద సుద్దతో గీసినట్టు. పై చారకూ కింది చారకూ మధ్య జానెడు కొన్నిచోట్ల, బెత్తెడు కొన్నిచోట్ల. సందుల్లో నత్తగుల్లలు, తెగిన నైలాన్ వలముక్క ఒకటి. నీళ్లు ఎప్పుడు ఎంత కిందికి పోయాయో లెక్క రాసుకున్నది ఆ బండే.

ప్రార్థన చేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదనుకొని కూర్చున్నాను. గేదెలను తోలుకొని పోతున్న పెద్దాయన ఒకరు నిలబడి, "యాడ్నించి వచ్చినారు సార్?" అన్నారు. చెప్పాను. చెరువు చూడ్డానికే వచ్చానంటే ఆయనకు నవ్వొచ్చింది. "ఈడ చూసేదేముంది సార్, నీళ్లు ఊరికే ఉండాయి. తూము కాడికి పోయి చూడండి, మళ్లల్లోకి పోతాండాయి" అని గేదెను అదిలించి పోయారు.

ఆయన వేదాంతం చెప్పాలని చెప్పలేదు. దారి చెప్పారంతే. కానీ నేను ఎక్కడ కూర్చున్నానో అప్పుడు తెలిసింది. చెరువు ప్రశాంతంగా కనిపిస్తున్నది పని లేక కాదు. అందులో ప్రతి చుక్కా ముందే ఎవరో ఒకరి మడికి రాసిపెట్టి ఉంది. ఆయకట్టు లేని చోట నిలిచిన నీళ్లను కూడా చూసి ముచ్చటపడొచ్చు, ఫొటో తీసుకోవచ్చు. దాన్ని మాత్రం ఎవరూ చెరువు అనరు.

ఇప్పటి విశ్వాసుల్లో ఈ ఆరో దోషం ఉన్నవాళ్లే ఎక్కువని నా అనుమానం. పొద్దున లేస్తే ఫోన్లో వాగ్దానం వచ్చి ఉంటుంది. వంట చేస్తూ ఒక వర్తమానం, బస్సులో ఇంకొకటి. బుధవారం గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెల మొదట్లో రాత్రి ఆరాధన, ఏడాదికి రెండు మహాసభలు. దేశంలో ఎవరు బాగా బోధిస్తారో, ఎవరి బోధలో లోపం ఏమిటో కూడా తెలుసు. ఇదేమీ చెడు కాదు, ఏరు పారుతున్నందుకు ఎవరూ ఏడవరు. మీ చేతిలో ఉన్న ఈ ధ్యానం కూడా ఆ వరదలో కలిసేదే కాబట్టి నేను పెద్దగా మాట్లాడడానికి లేదు. అయితే ఇన్ని నీళ్ల కింద ఎంత భూమి తడుస్తోందని అడిగితే, చాలా ఇళ్లలో వేళ్ల మీద లెక్క. మన ప్రార్థన వల్ల ఈ వారం కాస్త ఊపిరి పీల్చుకున్న మనిషి పేరు ఒకటి చెప్పమంటే తడుముకుంటాం. అలుగు పారి వృథాగా పోయే నీళ్లే ఎక్కువ.

శాసనం రాసిన పండితుడు దీన్ని ఆశీర్వాదం అనలేదు. లెక్క తప్పిన కట్టడం అన్నాడు.

అలాగని అయిదో దోషాన్ని మరిచిపోతే అన్యాయం అవుతుంది. మన సంఘాల్లో ప్రసంగాలన్నీ ఆరోదాని మీదే: ఇవ్వండి, వెళ్లండి, పొర్లి పారండి. అయిదోదాని మీద ప్రసంగం నేను దాదాపు విన్లేదు. చుట్టుపక్కల అయిదారు పల్లెల్లో ఆరాధన జరిపే పాస్టరుంటాడు. పెళ్లి, చావు, ఆసుపత్రి, పోలీస్ స్టేషన్, అన్నిటికీ ఆయనే. పడకలో ఉన్న అత్తగారిని, పరీక్షలున్న పిల్లలను, తాగొచ్చే భర్తను ఒక్క చేత్తో చూసుకుంటూ ఆదివారం బడి కూడా నడిపే ఆడమనిషి ఉంటుంది. వాళ్ల దగ్గరికి వెళ్లి ఇంకా పొర్లి పారమని చెప్పడం క్రూరత్వం. ఆమె చెరువు చిన్నది కాదు. ఆమె కింద పెట్టిన ఆయకట్టు పెద్దది. ఆ లెక్క సరిచేయాల్సింది ఆమె ఒక్కతే కాదు, చుట్టూ ఉన్న మనం. కొన్ని మళ్లను మన తూము కిందికి తెచ్చుకోవాలి.

ప్రభువు ఈ లెక్కను ఎలా చూశాడో మార్కు మొదటి అధ్యాయంలో కనిపిస్తుంది. ముందు రోజు సాయంత్రం ఊరు ఊరంతా వాకిట్లో నిలబడింది. చాలామంది బాగుపడ్డారు. తెల్లవారకముందే, ఇంకా చీకటి ఉండగానే, ఆయన లేచి అరణ్య ప్రదేశానికి పోయి ప్రార్థన చేసుకుంటున్నాడు. సీమోనూ అతనితో ఉన్నవాళ్లూ వెతుక్కుంటూ వచ్చి, అందరూ మీకోసం చూస్తున్నారన్నారు. అక్కడ మనలాంటివాళ్లకు రెండే దారులు కనిపిస్తాయి. వచ్చేశారు కదా పాపం అని లేచి అదే వాకిట్లోకి పోవడం ఒకటి; నన్ను ఒంటరిగా వదలండని కసురుకోవడం ఒకటి. ఆయన రెండూ చేయలేదు. పక్క ఊళ్లకు పోదాం పదండి, నేను వచ్చిందే దానికి అన్నాడు. ఏకాంతంలోంచి ఆయన తెచ్చుకున్నది విశ్రాంతి మాత్రమే కాదు, తన ఆయకట్టు ఏదో స్పష్టంగా తెలుసుకొని లేచాడు. కపెర్నహూములో ఇంకా రోగులు మిగిలే ఉన్నారు. వాళ్లను కాదని పోవడం ఆయనకు తేలిక అయి ఉండదు. ఈ భాగాన్ని ఎన్నిసార్లు చదివినా ఆ మిగిలినవాళ్ల దగ్గర నా మనసు తట్టుకుంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మిగిలిన దోషాల్లో ఒక్కొక్కదానికీ ఒక్కో ప్రసంగం చెప్పొచ్చు. ఇద్దరు రాజుల పొలిమేర అనగానే ఇద్దరు యజమానుల మాట ఎవరికైనా గుర్తొస్తుంది, చెరువు మధ్యలో లేచిన మెరకకు గర్వం అని పేరు పెట్టడం కూడా కష్టం కాదు. వాటిని వదిలేస్తాను. మొదటి దోషం దగ్గర మాత్రం కొంచెం నిలబడాలి, అది కళ్లకు కనపడకుండా జరిగేది కాబట్టి.

కట్టలోంచి ఊట పోతే చెరువు ఒక్కసారిగా ఖాళీ కాదు. పైనుంచి చూసేవాడికి ఏమీ తెలియదు. కట్ట వెనకాల నేల మాత్రం ఎప్పుడూ చిత్తడిగా ఉంటుంది. అక్కడ వరి సరిగా రాదు, తుంగ మొలుస్తుంది, కాలు పెడితే దిగబడుతుంది, పోను పోను చవుడు తేలుతుంది. అదే నీళ్లు తూము గుండా కాలువలోకి వచ్చి ఉంటే పంట అయ్యేవి. దారి తప్పి రావడం వల్ల ఉన్న నేలను కూడా చెడగొట్టాయి. మనలో ఒకరి కన్నీళ్ల కథ ఇంకొకరికి చేరే తీరు చూడండి. ఫలానా సిస్టరు ఇంట్లో పరిస్థితి ఇదీ, ప్రార్థన చేయండి అంటూ ఒక సందేశం వాట్సాప్ గుంపులో పడుతుంది. పొద్దుగూకేలోపు ఆ ఇంటి గుట్టు మండలం దాటుతుంది. ప్రార్థన మనవి అని పేరు పెట్టాం కాబట్టి ఎవరికీ తప్పు చేసినట్టు ఉండదు. మోకాళ్ల మీద విన్న మాట మోకాళ్ల మీదే దేవుడికి చెప్పాలి. సాయం అవసరమైతే, సాయం చేయగల మనిషికి మాత్రమే, ఆమె అనుమతితో చెప్పాలి. తూము అంటే అదే. మిగతాదంతా కట్టలో పడిన ఊట.

పగిలిన తొట్ల గురించి యిర్మీయా రెండో అధ్యాయంలో మొత్తుకున్నది కూడా ఇలాంటిదే. యూదయ కొండల్లో నేల సున్నపురాయి. తొట్టిని రాతిలో తొలిచినంత మాత్రాన నీళ్లు నిలవవు. లోపల గచ్చు పూయాలి, పగుళ్లు వచ్చినప్పుడల్లా మళ్లీ పూయాలి. అక్కడి జనానికి ఇది ఇంటి పని. ఊట పక్కనే పెట్టుకొని పగిలిన తొట్టి తొలుచుకున్నారని ఆయన అన్నప్పుడు, వింటున్నవాళ్లకు తమ పెరటి తొట్టే కళ్లముందు మెదిలి ఉంటుంది.

పూడిక మాట ఆ ఆరు దోషాల్లో లేకపోవడం మొదట నాకు ఆశ్చర్యం వేసింది. చెరువులు చచ్చిపోయేది ఎక్కువగా పూడికతోనే కదా. ఆలోచిస్తే వాళ్ల తర్కం ఇదే అయి ఉండాలనిపిస్తుంది: దోషాలన్నీ చెరువు ఎక్కడ కట్టాం, ఎలా కట్టాం అన్నదానికి సంబంధించినవి. పూడిక అలా కాదు. నీళ్లు తెచ్చే ఏరే ఒండ్రు కూడా తెస్తుంది. ఎంత మంచి చెరువైనా, ఎంత మంచి వాన పడినా, అడుగున కొంత చేరుతుంది. దాన్ని తీయాలి, అంతే. సీమలో చెరువు కట్టినవాళ్లకో, తెగితే బాగుచేసినవాళ్లకో దాని కింద భూమి ఇనాంగా ఇచ్చి, దాని బాగోగులు వాళ్ల మీదే పెట్టేవాళ్లు. దశబంధం ఇనాం అని ఆ మాట పాత రికార్డుల్లో ఇప్పటికీ ఉంది. కట్టడంతో పని అయిపోదని వాళ్లకు తెలుసు. బాప్తిస్మం తీసుకున్న తేదీ చెప్పుకొని నిశ్చింతగా ఉండే మనకు ఆ తెలివి కొంచెం తక్కువ. ఎండాకాలం నీళ్లు తగ్గాక రైతులు చెరువులోకి ట్రాక్టర్లు దించి ఆ మట్టినే పొలాలకు తోలుకుంటారు. ఎరువు కంటే బాగా పనిచేస్తుందంటారు. ఒప్పుకొని బయట వేసిన పాత పాపం ఇంకొకరి చేలో బలమైన సందర్భాలు నేను చూశాను. తాగుడు మానినవాడి దగ్గరే తాగేవాడు కూర్చుంటాడు, నా దగ్గర కూర్చోడు.

యెషయా 22లో ఉన్నది కూడా ఒక జలాశయమే. అష్షూరు సైన్యం వస్తోంది. యెరూషలేములో హడావిడి. గోడల్లో పగుళ్లు చూస్తున్నారు, ఇళ్లు లెక్కపెట్టి కొన్ని పడగొట్టి ఆ రాళ్లతో గోడ గట్టి చేస్తున్నారు, పాత కోనేటి నీళ్ల కోసం రెండు గోడల నడుమ చెరువు కడుతున్నారు. ప్రవక్త ఈ పనుల్లో ఒక్కదాన్ని కూడా తప్పు పట్టలేదు. అప్పటి రాజు హిజ్కియా కోనేరు, కాలువ కట్టించి పట్టణంలోకి నీళ్లు తెప్పించిన సంగతిని రాజుల గ్రంథం ఆయన ఘనకార్యాల్లో ఒకటిగానే రాసింది. ప్రవక్త బాధ వేరు. నీళ్లను చూశారు, గోడను చూశారు, చాలా కాలం ముందే ఇదంతా తలపెట్టినవాణ్ని చూడలేదు అంటాడు. పోరుమామిళ్లలో నిలబడి ఈ మాట చదివితే నాలుగు కొండలు అడ్డం వస్తాయి. మూడు సందులు పూడ్చిన మనిషి శ్రమ గొప్పది. కొండలు ముందే లేకపోతే ఆ శ్రమకు ఆరంభం ఎక్కడ?

హిజ్కియా తొలిపించిన సొరంగం ఇప్పటికీ ఉంది. గీహోను ఊట నుంచి సిలోయము కోనేటి దాకా 533 మీటర్లు, రాతిలోంచి, పాములా వంకర్లు తిరుగుతూ. ఆ పొడవంతా కలిపి ఒక్క అడుగు వాలు మాత్రమే. నీళ్లు ఉరకవు, నడుస్తాయి. 1880లో ఆ సొరంగం గోడ మీద ఒక శాసనం బయటపడింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. అందులో రాజు పేరు లేదు. దేవుడి పేరు కూడా లేదు. ఉన్నదల్లా పనివాళ్ల సంగతి: రెండు జట్లు రెండు వైపుల నుంచి తొలుచుకుంటూ వచ్చారు, ఇంకా మూడు మూరలుండగా అవతలివాళ్ల కేక ఇవతలివాళ్లకు వినిపించింది, గునపానికి ఎదురుగా గునపం తగిలింది, నీళ్లు పారాయి. పోరుమామిళ్ల శాసనం దీనికి తలకిందులు. రాజు వంశం, కీర్తి, నీళ్లు దానం చేస్తే వచ్చే పుణ్యం అన్నీ ఉన్నాయి. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని, లెక్కకు అందనంత ధనం, ధాన్యం ఖర్చు అని కూడా రాశారు. వెయ్యిలో ఒక్కరి పేరు లేదు. రాళ్లు కొట్టడంలో, మట్టి ఎత్తడంలో చెయ్యి తిరిగిన వడ్డెవాళ్లు ఉండి ఉంటారు. ఇవాళ మా సంఘాల్లో కూర్చునే కుటుంబాల ముత్తాతల ముత్తాతలూ ఉండి ఉంటారు. చాలా ఊళ్లలో తూము తెరిచి మడిమడికీ నీళ్లు కట్టే నీరుగంటి పని తరతరాలుగా వాళ్లదే. పక్కవాడి మడికి నీళ్లు చేర్చి తన మడి లేకుండా బతికినవాళ్లు.

ఏడు వందల ఏళ్లకు పైగా గడిచాక, పుట్టుగుడ్డి ఒకడు, ప్రభువు కళ్ల మీద పూసిన బురదతో, ఆయన పంపగా, ఆ సిలోయము కోనేటి మెట్లు దిగాడు. ఆ మెట్లే 2004లో మురుగు పైపు బాగుచేస్తుంటే అనుకోకుండా బయటపడ్డాయి. అతను తడుముకుంటూ పోయి ముఖం కడుక్కున్నది హిజ్కియా సొరంగంలోంచి వచ్చిన నీళ్లతోనే. చీకట్లో దీపం పెట్టుకొని, ఎదురుజట్టు కేక కోసం చెవి రిక్కించి తొలిచినవాళ్లకు ఇలాంటి వాడొకడు వస్తాడని తెలిసే అవకాశం లేదు. వాళ్లు ముట్టడి కోసం తొలిచారు. ప్రభువు ఆ నీళ్లను ఒక గుడ్డివాడి కోసం వాడుకున్నాడు. మన ఆయకట్టు ఎంతవరకు ఉందో మనకు పూర్తిగా కనపడదు అనడానికి ఇంతకంటే నాకు సాక్ష్యం అక్కర్లేదు. చూపు వచ్చినప్పుడు ప్రభువు అక్కడ లేడు కూడా. అతను నీళ్లనే చూశాడు, మెట్లను చూశాడు, ఇంటి దారి చూశాడు. పంపినవాడి ముఖం చూసింది తర్వాత ఎప్పుడో, సమాజమందిరం వాళ్లు వెలివేశాక, ప్రభువే వెతుక్కుంటూ వచ్చినప్పుడు.

పెద్దాయన చెప్పినట్టు తూము దగ్గరికి పోయాను. పాత చెరువుల్లో రెండు నిలువు రాతి కంబాలు, వాటి మధ్య రంధ్రాలున్న అడ్డబండలు, ఆ రంధ్రాల గుండా దిగే నిడుపాటి కొయ్య, కొయ్య చివర బిరడా ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల ఇనుప తలుపు, తిప్పే చక్రం. ఏదైనా తూము చెరువు అడుగుకు దగ్గరగా ఉంటుంది, పైన కాదు. మీద తేలే నీళ్లు అలుగు మీంచి వాటంతట అవే పోతాయి. మడికి పోయేవి అడుగు నుంచి పోవాలి. మనం ఇతరులకు ఇచ్చేది ఎక్కువగా మీద తేలేదే. విన్న వెంటనే ఫార్వర్డ్ చేసిన వర్తమానం, చదివిన వెంటనే చెప్పిన వాక్యం. మనలో అడుగుకు దిగి నిలిచిన మాట ఏదో, కష్టంలో మనల్ని నిజంగా నిలబెట్టిన మాట ఏదో, అది చాలా తక్కువసార్లు బయటికి వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం విన్నవాడు మరిచిపోడు.

ఈ రోజు కూర్చొని ఒక పని చేయండి. మీ కింద ఉన్న మళ్ల పేర్లు రాయండి. కాగితం మీద, నిజమైన పేర్లు. ఎక్కువ రాయొద్దు, మీ నీళ్లు ఎన్నో మీకు తెలుసు. రాశాక చివరి పేరు చూడండి. కాలువ కింద చివరి మడికి నీళ్లు చేరడం ఎప్పుడూ కష్టమే. ఎగువవాళ్లు గండి కొట్టుకుంటారు, దిగువవాడు రాత్రుళ్లు గట్టు మీద కాపలా ఉంటాడు. మీ పట్టికలో ఆఖర్న రాసిన మనిషి బహుశా మీరు ఫోన్ చేయడం వాయిదా వేస్తూ వచ్చిన మనిషే. ఈ పూట అక్కడి నుంచి మొదలుపెట్టండి. పేర్లు మరీ ఎక్కువై చెయ్యి నొప్పి పుడితే, రాయడం ఆపి, ఆ కాగితం తీసుకెళ్లి మీ సంఘంలో ఇంకొకరికి ఇవ్వండి. అది ఓడిపోవడం కాదు.

ప్రార్థన:

తండ్రీ, ఈ ఏడు సగిలేరు లోయలో వాన కురిపించు. చెరువులు నింపు, కట్టలు కాపాడు. రాత్రి టార్చిలైటు పట్టుకొని తూము దగ్గరికి పోయే మనిషిని పాము కాటు నుంచి తప్పించు. దిగువ మడి రైతుకు ఈ తడైనా అందించు. ఎగువన గండి కొట్టేవాడితో నువ్వే మాట్లాడు, మా మాట వినడు. అలసిపోయిన పాస్టర్లకు, తల్లులకు మమ్మల్ని పంపు. ఉపదేశం తీసుకొని కాదు, అన్నం తీసుకొని. పేర్లు రాయని ఆ వెయ్యి మందిని నువ్వు పేరు పెట్టి పిలిచి ఉంటావని నమ్ముతున్నాం. వాళ్లలో మావాళ్లెవరో ఒకనాడు మాకు చూపించు. యేసు నామమున అడుగుతున్నాం. ఆమేన్.